గడప లోపలి హత్యలు

(ప్లీడరమ్మ గారి స్మారక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



ప్లీడరమ్మ గారి దగ్గర జూనియర్లుగా చేసినవాళ్ళు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఆవిడ బల్లమీద రెండు రకాల కట్టలుండేవని వాళ్ళకి తెలుసు. ఒక రకం, అత్తవారింట్లో చనిపోయిన ఆడపిల్లల తల్లిదండ్రులు తెచ్చినవి. రెండో రకం, మొగుణ్ణి చంపిన కేసులో ముద్దాయిలుగా నిలబడ్డ ఆడవాళ్ళవి. నాది ప్రాసిక్యూషన్ పక్షం కనక మొదటి రకం కేసుల్లో ఆవిడ నా వెనక కూర్చుని చీటీలు అందించేవారు. రెండో రకంలో నా ఎదురుగా నిలబడి నా సాక్షుల్ని ఉతికి ఆరేసేవారు. కానీ రెండింట్లోనూ దర్యాప్తు అధికారిని ఆవిడ అడిగే, లేదా నాచేత అడిగించే మొదటి ప్రశ్న ఒకటే: “ఈ ఇంటి సంగతి చెప్పుకోడానికి ఇంతకుముందు మీ స్టేషన్‌కి ఎవరైనా వచ్చారా?”

ఇవాళ నేను చెప్పబోయేది ఆ ప్రశ్న చుట్టూ తిరిగే మాటే. ఇంట్లో జరిగే హత్యల్లో ఆడామగా తేడా ఎంతమంది పోయారన్న లెక్కలో కొంతే తెలుస్తుంది. మిగతాదంతా ఆ చావుకు ముందు నెలల్లో, ఏళ్ళలో ఉంటుంది. భార్యని చంపిన భర్త కథ, భర్తని చంపిన భార్య కథ చాలాసార్లు ఒకే చోట మొదలవుతాయి. అది ఆమె ఆ ఇంట్లోంచి ప్రాణాలతో బయటపడే దారి మూసుకుపోయిన చోటు.

ముందు లెక్కలు చూద్దాం. ప్రపంచంలో హత్యకు గురయ్యేవాళ్ళలో నూటికి ఎనభై మంది మగవాళ్ళే. మన దేశంలో జాతీయ నేర నమోదు సంస్థ, అంటే ఎన్‌సీఆర్‌బీ, 2022లో 28,522 హత్య కేసులు చూపించింది. హతుల్లో సుమారుగా పదింట ఏడుగురు మగవాళ్ళు. గట్టు తగాదాలు, పాతకక్షలు, బాకీలు, తాగిన మైకంలో మాటామాటా పెరగడం వంటివన్నీ ఇందులోకి వస్తాయి. చంపేవాళ్ళూ ఎక్కువగా మగవాళ్ళే.

గడప దాటి లోపలికి వచ్చామా, లెక్క తలకిందులవుతుంది. ఐక్యరాజ్యసమితి నేర విభాగం యూఎన్‌ఓడీసీ అంచనా ప్రకారం 2023లో ప్రపంచమంతటా సుమారు 85,000 మంది స్త్రీలు, ఆడపిల్లలు హత్యకు గురయ్యారు. వాళ్ళలో 51,100 మందిని చంపింది భర్తో, సహజీవనం చేసినవాడో, సొంత కుటుంబంలోని మనిషో. నూటికి అరవై మందన్నమాట; రోజుకి 140 మంది. హతులైన మగవాళ్ళలో ఇలా అయినవాళ్ళ చేతుల్లో పోయినవాళ్ళు నూటికి పన్నెండు మందే. 66 దేశాల సమాచారం కూర్చి 2013లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన అధ్యయనం భార్యాభర్తలు, ప్రేమికుల వరకే చూసింది. హత్యకు గురైన ఆడవాళ్ళలో 38.6 శాతాన్ని, మగవాళ్ళలో 6.3 శాతాన్ని చంపింది జీవిత భాగస్వామేనని అది తేల్చింది.

మన దేశం దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క మూడు దస్త్రాల్లో చెల్లాచెదురుగా ఉంటుంది. 2022లో వరకట్న మరణాలు 6,450. ఇవి పైన చెప్పిన 28,522 హత్యల్లో కలవవు. వీటికి వేరే పద్దు ఉంది. ఆ పద్దులో చంపినవీ ఉంటాయి, చచ్చేదాకా వేధించినవీ ఉంటాయి. ఆత్మహత్యల పుస్తకం ఇంకోటి. అదే ఏడు అందులో గృహిణులు 25,309 మంది. వాళ్ళలో ఎంతమంది తమంతట తాము పోయారో, ఎంతమందిని ఉరి తాడు దాకా తరిమారో, ఎంతమందిని చంపి తర్వాత ఉరి వేశారో ఆ పుస్తకం చెప్పదు. పైగా అత్యాచారం కేసుల్లో నిందితుడు బాధితురాలికి ఏమవుతాడో ఎన్‌సీఆర్‌బీ పట్టిక వేసి ఇస్తుంది గాని, హత్యకు అలాంటి పట్టిక లేదు. భర్త చేతిలో భార్యలెందరు పోయారు, భార్య చేతిలో భర్తలెందరు పోయారు అని ఎవరైనా టీవీలో ఘంటాపథంగా చెబుతుంటే, ఏ పట్టిక చూసి చెబుతున్నారని అడగండి.

ఇప్పుడు వంటింట్లోకి వెళదాం.

ఈ తరం పిల్లలు పంపు స్టవ్ చూసి ఉండరు. ఇత్తడి ట్యాంకు, పక్కన గాలి కొట్టే పంపు, రంధ్రం పూడుకుపోతే గుచ్చడానికి పిన్ను. మా రోజుల్లో ఎఫ్ఐఆర్ తెరిస్తే ‘స్టవ్ పేలి’ అనే మాట కనబడేది. స్టవ్ పేలితే ట్యాంకు చీలాలి, ముక్కలు గోడకి తగలాలి. పంచనామా కాగితంలో ట్యాంకు చెక్కుచెదరకుండా గట్టుమీదే ఉండేది. కిరోసిన్ డబ్బా మూత మాత్రం మూలకి దొర్లి ఉండేది. స్టవ్ ముందు కూర్చున్న మనిషికి మంట అంటుకుంటే ముందు చీర కుచ్చిళ్ళు, పొట్ట, చేతులు కాలతాయి. నెత్తిమీంచి పోస్తే జుట్టు, మొహం, భుజాలు, వీపు కాలతాయి. మాడు మీద మిగిలిన జుట్టు కిరోసిన్ వాసన వేస్తుంది. పోస్ట్‌మార్టం రిపోర్టులో ఇవన్నీ రాసే ఉంటాయి. వాటిని పంచనామా పక్కన పెట్టి చదివే ఓపిక ఉంటే కేసు సగం అక్కడే తేలిపోతుంది. ఆ చదవడం నాకు నేర్పింది ప్లీడరమ్మ గారే.

తర్వాత మరణ వాంగ్మూలం. ఆమె స్పృహలో ఉందని డాక్టరు రాయాలి, మేజిస్ట్రేటు అందర్నీ బయటికి పంపి అడగాలి. కాలిన పిల్ల మొదటిసారి ‘స్టవ్ పేలింది’ అంటుంది. ఆ మాట అనేటప్పుడు మొగుడు వార్డు గుమ్మంలోనే ఉంటాడు. మందులు కొనేది అతనే, పిల్లలున్నది అతని ఇంట్లోనే, ఆమె ఇంకా బతుకుతాననే అనుకుంటోంది. రెండో రోజు తల్లి వచ్చాక, బతకనని తెలిశాక, అసలు సంగతి చెబుతుంది. కోర్టులో డిఫెన్సు వారు ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఏది నిజమని అడుగుతారు. డాక్టరు సర్టిఫికెట్ లేనంత మాత్రాన వాంగ్మూలం చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2002లో లక్ష్మణ్ కేసులో తేల్చింది. మొదటి కాగితం రాసినప్పుడు గుమ్మంలో ఎవరున్నారన్నది మాత్రం ఇప్పటికీ చాలా రికార్డుల్లోకి ఎక్కదు.

2001 సంవత్సరానికి సంబంధించి ముగ్గురు పరిశోధకులు 2009లో ‘లాన్సెట్’లో ఒక అంచనా వేశారు. ఆ ఒక్క ఏడు దేశంలో మంటల వల్ల 1,63,000 పైచిలుకు మరణాలు, అందులో 1,06,000 మంది ఆడవాళ్ళు. ఎక్కువమంది పదిహేను నుంచి ముప్పై నాలుగేళ్ళ మధ్యవాళ్ళు. పోలీసు లెక్కకి ఇది ఆరు రెట్లు. అందులో నిజమైన ప్రమాదాలు ఎన్నో ఉంటాయి, కాదనను. కానీ ఏళ్ళ తరబడి వంట చేసి చెయ్యి తిరిగిన అత్తగారిని వదిలేసి కొత్త కోడళ్ళ వయసునే ఆ మంటలు వెతుక్కోవడానికి వంట ఒక్కటే కారణం కాజాలదు.

ఈ చావులు ఇంటి గొడవలు కావు, నేరాలు అని వీధికెక్కి చెప్పడంలో మన ఊళ్ళకి వాటా ఉంది. 1975లో హైదరాబాద్‌లో ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్ కట్నానికి వ్యతిరేకంగా ఊరేగింపులు తీసింది. ఎమర్జెన్సీ వచ్చి అది ఆగింది. తర్వాత ఢిల్లీలో, ఇక్కడ స్త్రీశక్తి సంఘటన వంటి బృందాలు అందుకున్నాయి. వాటి ఫలితంగానే శిక్షాస్మృతిలో 1983లో వేధింపుల మీద 498-ఎ, 1986లో వరకట్న మరణాల మీద 304-బి సెక్షన్లు వచ్చాయి. ఈ 304-బి కింద, పెళ్ళయిన ఏడేళ్ళలోపు అసహజంగా చనిపోయి, అంతకు కాస్త ముందు కట్నం కోసం వేధించారని తేలితే, నిర్దోషినని చూపించుకునే భారం అటువైపు పడుతుంది. శిక్ష ఏడేళ్ళకి తగ్గదు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 80వ సెక్షన్. నాలుగు గోడల మధ్య జరిగిన చావుకి ఆ ఇంట్లో ఉన్నవాళ్ళే జవాబు చెప్పాలని 2006లో త్రిముఖ్ మారోతి కేసులో సుప్రీంకోర్టు అన్న మాట ప్రాసిక్యూటర్లకి పెద్ద ఆసరా.

అయితే ఈ చట్టం స్త్రీ చావుని కట్నానికి గుచ్చి కట్టేసింది. పెళ్ళయిన ఎనిమిదో ఏట చనిపోతే? కట్నం అడగని మొగుడు అనుమానంతో చంపితే? మగపిల్లాడు పుట్టలేదని, రెండో ఆవిడ వచ్చిందని చంపితే? మామూలు హత్య కేసులా అన్నీ రుజువు చేసుకోవాలి. సాక్షులు ఆ ఇంట్లోవాళ్ళే. వాళ్ళు ఎదురు తిరుగుతారు, పుట్టింటివాళ్ళు పిల్లల పేరిట రెండెకరాలు రాయించుకుని రాజీ పడతారు.

ఆడదానికి ఆడదే శత్రువు, అత్తలూ ముద్దాయిలే కదా అని ఇక్కడ ఎవరైనా అంటారు. నిజమే, ముద్దాయిల బోనులో అత్తగార్లని నేనే నిలబెట్టాను. వాళ్ళ పెత్తనం కొడుకు దగ్గర్నుంచి వచ్చిందేనని, కొడుకు అడ్డం తిరిగిన ఇంట్లో ఏ అత్తా కిరోసిన్ డబ్బా ఎత్తడం నేను చూడలేదని మాత్రం గుర్తుంచుకోండి.

కట్నం గొడవ పక్కన పెడితే, మగవాడు భార్యని ఎప్పుడు చంపుతున్నాడు? జిల్లా పేజీలు చదివేవాళ్ళకి జవాబు నోటికొచ్చు. ‘కాపురానికి రావడం లేదని’, ‘విడాకుల నోటీసు పంపిందని’, ‘అనుమానంతో’. హత్య జరిగే చోటు కూడా గమనించండి: పుట్టింటి అరుగు, ఆమె పనికి వెళ్ళే దారి, కోర్టు వాయిదాకి వచ్చిన బస్టాండు. ఆమె వెళ్ళిపోయింది కాబట్టే వెతుక్కుంటూ వచ్చాడు. కెనడా పరిశోధకులు మార్గో విల్సన్, మార్టిన్ డాలీ 1990లలో ఇదే చూపించారు. విడిపోయిన భార్యని వేటాడి చంపే భర్తలు ఎందరో ఉన్నారు, విడిపోయిన భర్తని వెతుక్కుంటూ వెళ్ళి చంపే భార్యలు చాలా అరుదు. జీవిత భాగస్వామినీ, పిల్లల్నీ చంపి తానూ చచ్చేది కూడా దాదాపు ప్రతిసారీ మగవాడే.

అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ ప్రొఫెసరు బృందం పదకొండు నగరాల్లో జరిగిన హత్యల్ని, చావు దాకా రాని గృహహింస కేసుల్నీ పోల్చి 2003లో ఒక అధ్యయనం ప్రచురించింది. భార్య మీద అన్నింటా అదుపు పెట్టే మగవాణ్ణి ఆమె వదిలి వెళితే ప్రమాదం తొమ్మిది రెట్లు పెరిగింది. ఇంకొకటి, గొంతు. అంతకుముందు ఒక్కసారైనా పీక నొక్కినవాడి చేతిలో ఆమె చనిపోయే ప్రమాదం ఏడు రెట్లకు పైగా ఉందని అదే సమాచారం మీద 2008లో వచ్చిన వ్యాసం చెప్పింది. ఇప్పుడు మన స్టేషన్‌లో ఫిర్యాదు ఎలా రాస్తారో తలచుకోండి. ‘చేతులతో కొట్టి, గొంతు పట్టుకున్నాడు.’ గొంతు మీద కమిలిన గుర్తు చాలాసార్లు పైకి కనపడదు. ‘గాయాలు లేవు’ అని రాసి, చిన్న కేసు కట్టి, కౌన్సెలింగ్‌కి పంపుతారు. కౌన్సెలింగ్ అంటే మనకి అర్థమైంది ఒకటే: ఇద్దరికీ చెరో నాలుగు చీవాట్లు పెట్టి, సంతకాలు తీసుకుని, ఒకే ఆటోలో ఇంటికి పంపడం.

దీనికి తోడు మన మనసులు ఎలా ఉన్నాయో కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. 2019-21లో తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం మంది ఆడవాళ్ళు ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం తప్పు కాదన్నారు. దేశంలో ఇవే పైవరసలో ఉన్న రాష్ట్రాలు. అలా అన్నవాళ్ళలో అమ్మలున్నారు, పంచాయితీలో కూర్చునే పిన్నమ్మలున్నారు. దెబ్బలు తిని పుట్టింటికొచ్చిన పిల్లని ‘సర్దుకుపో తల్లీ’ అని బస్సెక్కించేది వీళ్ళే.

ఇక రెండో కట్ట.

భర్తని చంపిన భార్యల కేసుల్లో ఒక పోలిక కనిపిస్తుంది. అతను నిద్రలో ఉంటాడు, లేదా తాగి పడి ఉంటాడు. ఆమె చేతిలో ఉండేది రోకలి, కత్తిపీట, రుబ్బురోలు పొత్రం, లేదా చేలో కొట్టగా మిగిలిన పురుగుమందు. మెలకువగా ఉన్న మగవాడితో తలపడి గెలవలేదని ఆమెకి ఏళ్ళుగా వంటి మీద తెలుసు. అతను నిద్రపోయేదాకా ఆమె ఆగడాన్నే చట్టం ‘పథకం ప్రకారం’ అంటుంది.

మగవాడి కోపానికి చట్టంలో ముందునుంచీ ఒక కుర్చీ వేసి ఉంది. తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టడం వల్ల చంపితే అది హత్య కాదు, శిక్ష తగ్గుతుంది. 1959లో నేవీ అధికారి నానావతి భార్య ప్రియుణ్ణి కాల్చిన కేసులో వాదన అంతా ఇదే. 1961లో సుప్రీంకోర్టు, కోపం చల్లారడానికి గంటల వ్యవధి దొరికిందని అతని వాదన తోసిపుచ్చింది. అయితే మృతుడి పూర్వపు చేష్టల వల్ల ఏర్పడిన మానసిక స్థితిని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని ఆ తీర్పులోనే ఉంది. ప్లీడరమ్మ గారు తన ముద్దాయిల కోసం ఎప్పుడూ పట్టుకునేది ఆ వాక్యమే. పదేళ్ళ తన్నులు ఆ పూర్వపు చేష్టల్లోకి రావా అనేవారు.

ఇంగ్లండ్‌లో ఇదే ప్రశ్న కిరణ్‌జీత్ ఆహ్లువాలియా కేసులో వచ్చింది. పదేళ్ళు హింస భరించిన ఆ పంజాబీ ఇల్లాలు 1989లో నిద్రపోతున్న భర్త మీద పెట్రోలు పోసి నిప్పంటించింది. అతను కొన్ని రోజులకి చనిపోయాడు. యావజ్జీవ శిక్ష పడింది. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ సంస్థ పోరాడగా 1992లో అప్పీలు కోర్టు ఆ శిక్ష రద్దు చేసింది, ఆమె మానసిక స్థితిని లెక్కలోకి తీసుకున్నాక బయటికొచ్చింది. 2009లో పార్లమెంటు చట్టాన్నే మార్చి, ‘ఆకస్మికం’ అన్న షరతు తీసేసింది. భార్య వ్యభిచారం చేసిందన్న సాకు ఒక్కటే చూపి శిక్ష తగ్గించుకునే వీలు కూడా అప్పుడే పోయింది. ఇక్కడ మద్రాసు హైకోర్టు 1989లోనే సుయంబుక్కని కేసులో దీర్ఘకాలంగా సాగే రెచ్చగొట్టడాన్ని గుర్తించింది. 2013లో గౌహతి హైకోర్టు మంజు లక్రా కేసులో, రోజూ దెబ్బలు తిన్న భార్య పరిస్థితిని తూచి హత్యానేరాన్ని తగ్గించింది. అయినా 2024 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త సంహిత 101వ సెక్షన్‌లో ‘ఆకస్మికం’ అలాగే కూర్చుంది.

ఇలా చంపిన ప్రతి భార్యా దెబ్బలు తిన్నదే అని నేననను. 2025లో ప్రియుడితో కలిసి మొగుణ్ణి చంపారన్న కేసులు వరసగా వచ్చాయి, వాట్సాప్‌లో భార్యల మీద జోకులూ వచ్చాయి. ఇన్సూరెన్సు కోసం, ఆస్తి కోసం చంపిన ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి శిక్ష పడాలి, పోయినవాడి తల్లి ఏడుపు ఏ తల్లి ఏడుపుకీ తీసిపోదు. నాకు బాధ కలిగించేది ఒక్కటే. మొగుణ్ణి చంపిన ఒక్క భార్య పదిరోజులు పతాక శీర్షికలో ఉంటుంది. భార్యని చంపిన మొగుడు మాత్రం జిల్లా పేజీలో నాలుగు లైన్లతో సరి. అరుదైనది వార్త, రోజూ జరిగేది మామూలు. కుటుంబం చేతిలో పోయే మగవాళ్ళలో ఇంకో రకం ఉన్నారని కూడా మరవకండి. 2018లో మిర్యాలగూడలో కులం తక్కువని అల్లుణ్ణి చంపించింది భార్య కాదు, మామగారు. ఆ పిల్లాడూ ఆడపిల్ల మీద పెత్తనానికే బలయ్యాడు.

ఈ ఉపన్యాసంలో మీరు గుర్తుపెట్టుకోవాలని నేను కోరే సంగతి ఇప్పుడు చెబుతాను. అమెరికాలో 1970లలో ఒక వింత ఉండేది. భార్యల్ని చంపిన ప్రతి వందమంది భర్తలకీ, భర్తల్ని చంపిన భార్యలు 75 మంది దాకా ఉండేవారు. పోల్చి చూసిన మిగతా దేశాల్లో ఈ నిష్పత్తి ఇంత లేదు. 1976లో భార్యలు, ప్రియురాళ్ళ చేతిలో 1,300 మందికి పైగా మగవాళ్ళు చనిపోయారు. 2005 నాటికి ఆ సంఖ్య 329. ముప్పై ఏళ్ళలో నాలుగింట మూడు వంతులు తగ్గిపోయింది. మగవాళ్ళ చేతిలో పోయిన ఆడవాళ్ళ సంఖ్య తగ్గడం తగ్గింది గాని ఆ స్థాయిలో తగ్గలేదు; 2005లోనూ 1,181 మంది.

మధ్యలో ఏం జరిగింది? ఆడవాళ్ళకి తలదాచుకునే షెల్టర్లు, హాట్‌లైన్లు, ఉచిత న్యాయసాయం, రక్షణ ఉత్తర్వులు వచ్చాయి. విడాకులు తేలికయ్యాయి, ఆడవాళ్ళ సంపాదన పెరిగింది. డ్యూగన్, నాగిన్, రోజెన్‌ఫెల్డ్ అనే పరిశోధకులు 1999లో ఈ మార్పుల్నీ, ఆ హత్యల లెక్కనీ కలిపి చూశారు. ఆడవాళ్ళ కోసం పెట్టిన ఏర్పాట్లు ఎక్కువగా కాపాడింది మగవాళ్ళ ప్రాణాల్ని! వెళ్ళిపోయే దారి ఉన్న ఆడది మొగుణ్ణి చంపాల్సిన అవసరం లేదు, వెళ్ళిపోతుంది. కాని ఆమె వెళ్ళిపోవడమే మగవాడికి చంపడానికి కారణమవుతోంది గనక, దారి చూపించి వదిలేస్తే ఆమె ప్రాణం దక్కదు. ఆ దారిలో కాపలా కూడా ఉండాలి.

భార్యలకు రక్షణ ఇస్తే భర్తలకు అన్యాయం జరుగుతుందని భయపడేవాళ్ళకి ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలియదు.

మరి మనం ఏం చెయ్యాలి? మొదటిది, ప్రతి హత్య కేసులో హతుడికి, నిందితుడికి ఉన్న వరస, ఇద్దరి లింగం, అంతకుముందు ఫిర్యాదు ఉందా లేదా అన్నది ఎన్‌సీఆర్‌బీ పట్టికలోకి రావాలి. స్టేషన్ రికార్డుల్లో ఉన్న సంగతులే ఇవి, కొత్తగా ఖర్చేమీ లేదు.

రెండోది, మహిళా స్టేషన్‌లో కౌన్సెలింగ్‌కి ముందు నాలుగు ప్రశ్నలు తప్పనిసరి చెయ్యాలి. పీక నొక్కాడా? చంపుతానన్నాడా? నువ్వు వెళ్ళిపోతానని చెప్పావా? ఎక్కడికెళ్ళినా వెంట వస్తున్నాడా? వీటిలో ఒక్కదానికి అవునన్నా రాజీ మాట ఎత్తకూడదు. గొంతు మీద చెయ్యి వేస్తే హత్యాయత్నం కోణంలో చూడాలి, డాక్టరుకి చూపించాలి.

మూడోది, 2005 గృహహింస చట్టం కింద ఆమెకి ఆ ఇంట్లోనే ఉండే హక్కు, అతన్ని బయటికి పంపించే ఉత్తర్వు ఉన్నాయి. అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చెయ్యమని చట్టమే అంటుంది. మన జిల్లాల్లో ఏళ్ళు పడుతున్నాయి. నోటీసు వెళ్ళిన రోజునుంచి కొన్ని వారాలు ప్రమాదం ఎక్కువ కనక రక్షణ అధికారి, బీటు కానిస్టేబులు అప్పుడే ఆ ఇంటిమీద కన్నేసి ఉంచాలి. ప్లీడర్లు నోటీసు పంపేముందు క్లయింటు రాత్రి ఎక్కడ పడుకుంటుందో అడగాలి.

నాలుగోది, దీర్ఘకాలపు రెచ్చగొట్టడాన్ని 101వ సెక్షన్ మినహాయింపులో రాతపూర్వకంగా చేర్చాలి. అదే హింస మగవాడు భరించినా ఆ మినహాయింపు అతనికీ వర్తించాలి. హత్య చట్టానికి లింగభేదం లేదు, ఉండక్కర్లేదు.

చివరిది మనలాంటివాళ్ళ పని. ఇష్టం లేదని చెప్పిన పిల్లకి పరువు కోసం పెళ్ళి చెయ్యకండి. అందులో మీ పిల్లకీ ప్రమాదమే, అవతలి ఇంటి కుర్రాడికీ ప్రమాదమే. దెబ్బలు తిని వచ్చిన కూతుర్ని వెనక్కి పంపకండి. భార్యని కొడుతున్న కొడుకుని సమర్థించకండి. భార్యతో కుదరక కుమిలిపోతున్న కొడుకు ఉంటే, విడిపోవడం వల్ల పరువు పోదని అతనికీ చెప్పండి. కాపురం నిలబడితే మంచిదే. కాని ఇద్దరూ ప్రాణాలతో విడిపోవడం కూడా ఒక మంచి పరిష్కారమేనని పెద్దమనుషులు, కౌన్సెలర్లు, కోర్టులు ఒప్పుకోవాలి. బార్ మిత్రులారా, దానికి కొత్త చట్టమేదీ రానక్కర్లేదు. రేపు మీ ఆఫీసుకొచ్చే మొదటి కుటుంబ తగాదాలోనే ఈ పద్ధతి మొదలుపెట్టవచ్చు.